జత తప్పిన హైహ్యాట్

పోయిన వారం జగదేవిని బీదర్ పాతబస్తీలో చౌబారా బురుజు దగ్గర ఆటో దిగుతుండగా వదిలాం. ఆమె చంకలో పాత చీర ముక్కలో చుట్టిన సింబల్, అంటే కర్రతో కొట్టే పళ్లెం లాంటి తాళం, ఒకటి ఉంది. అన్న రాజేశ్ డ్రమ్ కిట్టులో ఇంట్లో మిగిలింది అదొక్కటే.

మన్నాఏఖేళ్ళిలో పెళ్లి ప్రోగ్రాం ముగించుకుని తెల్లవారుజామున బీదర్‌కు వస్తుంటే ఆర్కెస్ట్రా వ్యాను మంగళగి మలుపు దగ్గర బోల్తా కొట్టింది. రాజేశ్ అక్కడికక్కడే పోయాడు. హన్మయ్య అనే మంగళగి రైతు కూడా ఆ వ్యాను కింద పడి పోయాడు. ఇది జరిగి మూడేళ్లు కావస్తోంది. బండి నడిపింది రాజేశేనని, పెద్ద బండి లైసెన్సు లేకపోయినా సరదాకు స్టీరింగు పట్టాడని ఆర్కెస్ట్రా యజమాని శివానంద్ చెప్పాడు. పోలీసులు అదే రాసుకున్నారు. ఊరు అదే నమ్మింది. మంగళగి జగదేవి తల్లి భీమవ్వ పుట్టిన ఊరు. తన ఊరి మనిషి తన కొడుకు చేతిలో చచ్చాడన్న సిగ్గుతో ఆమె మళ్లీ ఆ ఊరి పొలిమేర తొక్కలేదు. సొంత తమ్ముడి కూతురి పెళ్లికి కూడా పోలేదు.

జగదేవికి డ్రమ్స్ నేర్పింది అన్నే. ఇప్పుడామె నౌబాద్ వైపు ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు బ్యాండు నేర్పుతోంది. అన్న వాయించిన హైహ్యాట్‌ను మళ్లీ పలికించాలని ఆమెకు చాలాకాలంగా కోరిక. హైహ్యాట్ అంటే ఒకే కడ్డీ మీద ఒకదాని మీద ఒకటి బోర్లించినట్టుండే రెండు సింబల్స్. కాలితో పెడల్ తొక్కితే పైది దిగి కిందదాన్ని తాకుతుంది. జగదేవి దగ్గరున్నది కిందది. పైది ప్రమాదంలో పోయింది.

*

శివానంద్ రిహార్సల్ గది వెండి పొదిగిన బిద్రీ పాత్రలు చేసే ఒక కార్ఖానా మీది అంతస్తులో ఉంటుంది. ఆదివారం కింద సుత్తుల చప్పుడు ఉండదు కాబట్టి ఆ రోజు మధ్యాహ్నం జిల్లాలోని డ్రమ్మర్లు నలుగురైదుగురు అక్కడ కలుస్తారు. కొత్తగా కొన్నవి, చేతులు మారినవి తెచ్చుకుంటారు. ఒకరు వాయిస్తే మిగిలినవాళ్లు కళ్లు మూసుకుని వింటారు. ఆ తర్వాత వాదులాట మొదలవుతుంది.

జగదేవి మెట్లెక్కి వచ్చేసరికి ఆ వాదులాట మంచి పాకంలో ఉంది. ఔరాద్ నుంచి వచ్చిన డ్రమ్మరు మెషిన్ మీద తయారైన కొత్త క్రాష్ సింబల్, పాటలో గట్టి దెబ్బ పడేచోట కొట్టేది, తెచ్చాడు. కర్ర తగలగానే అది ఛస్సుమని తెల్లగా, పదునుగా పలికింది. ఎన్నిసార్లు కొట్టినా అదే పలుకు. పెళ్లిపందిట్లో డీజే బాక్సుల మధ్య కూడా వినబడాలంటే ఇలాంటిదే కావాలని అతని వాదన. పక్కనే జీవరాజ్, పాట పొడుగునా తాళం నడిపే తన రైడ్ సింబల్ బిగించాడు. అది టర్కీలో చేత్తో సుత్తి దెబ్బలు కొట్టి చేసింది. ఒళ్లంతా గుంటలు గుంటలుగా, పొగ పట్టిన గిన్నెలా ఉంది. కర్ర మొనతో తాకితే ముందు టింగుమని చిన్న చుక్క పడి, దాని వెనక సన్నటి హోరు పరుచుకుంది. అంచు దగ్గర కొడితే ఒక పలుకు, నడిమి బొడిపె దగ్గర ఇంకో పలుకు.

చవక సింబల్స్ ఇత్తడివి. మంచివి కంచువి, గంటలు పోతపోసే లోహం. వాటిలో చేతిపనివైతే ఒక జత ధర పాత మోటార్‌సైకిలు ధరకు తక్కువ ఉండదు. అంత పోసి కొన్నదానికి స్టేజీ మీద ఏం ఒరుగుతుందని శివానంద్ ఎప్పుడూ అడిగేదే ఆ రోజూ అడిగాడు. ఎదురుగా కూర్చున్న వేయి మందిలో తేడా పట్టగలిగేది ఒక్కడైనా ఉంటాడా అన్నాడు.

జగదేవిని చూసి గదిలో మాటలు కాస్త తగ్గాయి. రాజేశ్ పోయినప్పటి నుంచీ ఆమె ఎక్కడికి వెళ్లినా అంతే. ఆమె అది పట్టించుకోకుండా కూర్చుని, రెండింటినీ ఇంకోసారి కొట్టమంది. విని, తేడా మొదటి దెబ్బలో కాదు, అది ఆరిపోవడంలో ఉందని చెప్పింది. మెషిన్‌ది కోసేసినట్టు ఆగిపోతుందనీ, చేతిపనిది పాటకు చోటిస్తూ ఆరిపోతుందనీ, ఎక్కువ డబ్బు పోసేది ఆ ఆరిపోవడానికేననీ అంది. పాడేవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది, తెలియకపోయినా వాళ్ల గొంతు హాయిగా ఉంటుందంది. జీవరాజ్ తలూపాడు.

జీవరాజ్ జహీరాబాద్ వైపు మనిషి. పశువుల డాక్టరుగా ఉద్యోగం వచ్చి నిరుడు బీదర్ చేరాడు. వారమంతా పల్లెల్లో బర్రెలకూ ఎద్దులకూ సూదులు వేసి, ఆదివారం డ్రమ్స్ ముందు కూర్చుంటాడు. రాజేశ్‌ను అతడు చూడలేదు. ఆ పేరు మాత్రం విన్నాడు.

జగదేవి మూట విప్పి తన సింబల్ చూపించింది. అందరి చేతులూ మారింది. ఔరాద్ డ్రమ్మరు గోటితో అంచు మీటి, లోహం మేలైనదేననీ, కానీ హైహ్యాట్‌లో సగం ఎవరికీ పనికిరాదనీ నెమ్మదిగా చెప్పాడు. జతలో పైది పల్చగా, కిందది మందంగా చేస్తారు. ఒకదానితో ఒకటి సరిచూసి కలుపుతారు. వేరే జతలోంచి పైది తెచ్చి పెడితే మధ్యలో గాలి చిక్కుకుని గొంతు పట్టేసినట్టు పలుకుతుంది. పైది దొరకాలంటే ఆ పోయినదే దొరకాలని అతడన్నాడు. మాట జారాక ఎవరితో అన్నాడో గుర్తొచ్చి తల దించుకున్నాడు.

నీ దగ్గర ఒంటరి హైహ్యాట్ ఒకటి ఉన్నట్టుంది కదా అని ఎవరో జీవరాజ్‌ను అడిగారు. ఉందంటూ అతడు సంచిలోంచి ఒక సింబల్ తీశాడు. తను దాన్ని చిన్న క్రాష్‌గా వాడుతున్నానన్నాడు. స్టాండుకు బిగించి కర్రతో ఒక్కసారి తాకాడు.

జగదేవి లేచి నిలబడింది.

అడగకుండానే వెళ్లి దాన్ని స్టాండు మీద నుంచి తీసి, కిటికీ దగ్గరి వెలుతురులో అంచు చుట్టూ వేలు తిప్పింది. ఒకచోట వేలు ఆగింది. డ్రమ్స్ నేర్చుకునే రోజుల్లో ఆమె చేతిలోంచి జారి ఇది మెట్టు మీద పడింది. అంచు ఒకచోట బియ్యపుగింజంత చదునైపోయింది. ఆ రోజు రాజేశ్ తిట్టలేదు. సింబల్ తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని మీటి, బతికే ఉందన్నాడు. ఆ చదును ఇప్పుడు ఆమె వేలి కింద ఉంది.

ఆమె హైహ్యాట్ స్టాండు ముందుకు లాక్కుంది. కిందదాన్ని కింద పెట్టి, పైదాన్ని కడ్డీకి బిగించి, పెడల్ మీద కాలు పెట్టింది. తొక్కింది. చిక్ మని పొడిగా, పొట్టిగా, ఎక్కడా గాలి చిక్కకుండా మూసుకుంది. ఇంకోసారి తొక్కి, కర్రతో మెల్లగా ఒక వరస వాయించింది. చిక్ చిక్ మంటూనే తెరుచుకుని, సన్నగా హోరెత్తి, మళ్లీ మూసుకుంది. గదిలో ఉన్నవాళ్లంతా ఆ వాయిద్యంతోనే బతుకుతున్నవాళ్లు. ఎవరికీ ఏమీ చెప్పవలసిన అవసరం రాలేదు.

గుమ్మం పక్క కుర్చీలోంచి సాంబయ్య లేచాడు. ఆయన ఒకప్పుడు ఆర్కెస్ట్రా వ్యాను డ్రైవరు, ఢోలక్ కూడా వాయించేవాడు. ప్రమాదంలో గాయపడి పని మానేశాక కూడా ఆదివారాలు వచ్చి ఆ మూల కూర్చుని విని పోతుంటాడు. ఆయన చెప్పులు వెతుక్కుంటున్నాడు. కాలు చెప్పులో దూరడం లేదు.

జగదేవి జీవరాజ్ వైపు తిరిగింది.

"ఇది నీకు యాడ దొరికింది?"

"మంగళగిలక్కా," అన్నాడతను. పశువుల క్యాంపుకు వెళ్లినప్పుడు ఒక ఇంట్లో గోడకు తగిలించి ఉంటే చూశానన్నాడు. గుడ్డతో తుడిచి శుభ్రంగా పెట్టుకున్నారట. "మహానందమ్మ అని ఒకామె ఇచ్చింది. ఆమె పెనిమిటి యాక్సిడెంట్ల పోయిండట. హన్మయ్య అని."

అన్న సింబల్, అన్న బండి కింద పడి చచ్చినవాడి ఇంటి గోడ మీద ఎందుకుందో జగదేవికి అర్థం కాలేదు. ప్రోగ్రాం అయ్యాక పైదాన్ని విప్పి, గుడ్డసంచిలో పెట్టుకుని, ఒళ్లో ఉంచుకునే ప్రయాణం చేయడం రాజేశ్ అలవాటు. పెట్టెలో పెడితే అంచు చీలుతుందని భయం. ప్రమాదమైన చోట ఎంత వెతికినా ఆ సింబల్ దొరకలేదు. పొలాల్లోకి ఎగిరిపడి ఉంటుందన్నారు.

"సాంబయ్య మామా," అంది జగదేవి. "నువ్వు పోవద్దు."

ఆయన వెళ్లలేదు. గోడ పట్టుకుని మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. శివానంద్ కలగజేసుకుని, ముసలాయనకు ఒంట్లో బాగుండదనీ, ఈ మాటలు ఇంకో రోజు మాట్లాడుకుందామనీ అన్నాడు. సాంబయ్య చేయెత్తి అతన్ని ఆపాడు. ఇంతకాలంలో ఆయన శివానంద్ మాటకు అడ్డు చెప్పడం ఎవరూ చూడలేదు.

"ఆ ఇంటికి నేనే ఇచ్చొచ్చిన బిడ్డా. దవాఖానల కెంచి ఇడిసినంక మొదాలు పోయింది ఆడికే. మీ ఇంటికి రానీకి నాకు కాళ్లు ఆడలే."

ఆ తర్వాత ఆయన చెప్పింది ముక్కలు ముక్కలుగా వచ్చింది. మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేవాడు. ఎవరూ తొందరపెట్టలేదు.

ఆ పొద్దు శివానంద్, పాటగాళ్లు కారులో ముందే వెళ్లిపోయారు. వ్యాను నడుపుతున్నది సాంబయ్యే. పక్క సీట్లో రాజేశ్, వెనక సామాన్ల మధ్య, బండి పడేదాకా ఏమీ తెలియకుండా నిద్రపోయిన కోరస్ వాళ్లు. మన్నాఏఖేళ్ళి దాటి కొంత దూరం వచ్చాక సాంబయ్యకు ఛాతీలో నొప్పి మొదలైంది. అంతకు ముందు ఏడాది కూడా ఒకసారి వచ్చింది. రాత్రిళ్లు బండి నడపవద్దని డాక్టరు చెప్పిన సంగతి శివానంద్‌కు తెలుసు. ఇంకో డ్రైవరును పెట్టుకునేదాకా సర్దుకొమ్మన్నాడు. సర్దుకుంటూనే ఏడాది గడిచింది. ఆ పొద్దు నొప్పి ఎడమ చేతిలోకి దిగి వేళ్లు బిగుసుకుపోతుంటే రాజేశ్ గమనించి బండి ఆపించాడు. ఆయన్ను పక్క సీట్లోకి జరిపి తనే స్టీరింగు ముందు కూర్చున్నాడు. బీదర్ దూరమని, దగ్గరలో ఉన్న మన్నాఏఖేళ్ళి దవాఖానకే పోదామని బండి వెనక్కి తిప్పాడు.

జగదేవి కళ్లు మూసుకుంది. బోల్తాపడిన వ్యాను ముందుభాగం మన్నాఏఖేళ్ళి వైపు ఎందుకుందని ఆమె అప్పట్లోనే అడిగింది. పల్టీలు కొట్టిన బండికి దిక్కేముంటుందని అందరూ కొట్టిపారేశారు.

"నాకు కండ్లు మూతలు పడుతున్నయ్," అన్నాడు సాంబయ్య. "పడుకోవద్దు మామా అని ఒర్లుతున్నడు. ఆ సంచిల కెంచి ఇది తీసి నా ఒళ్లె పెట్టిండు. ‘గోటితోని కొడుతనే ఉండు మామా, చప్పుడు ఇనస్తుంటే నువ్వున్నవని నాకు ఎర్కయితది, నేను రోడ్డు మీదికెంచి చూపు తియ్యను’ అన్నడు. కొట్టిన. ఎంతసేపు కొట్టిన్నో నాకు ఎర్క లేదు. మెల్లగ కొట్టినా పలికింది బిడ్డా, అంత మంచి సామాను అది."

ఆయన కుడిచేతి చూపుడువేలు తనకు తెలియకుండానే మోకాలి మీద కదులుతోంది.

"మల్ల నా చెయ్యి ఆగింది. చప్పుడు ఆగేసరికి వాడు నా దిక్కు చూసిండు. గంతే. ఒక్కపారి చూసిండు."

ఔరాద్ డ్రమ్మరు తన సింబల్ కదిలి చప్పుడు చేస్తుందేమోనని దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

సాంబయ్యకు దవాఖానలో తెలివి వచ్చేసరికి సింబల్ ఆయన చొక్కా లోపలే ఉందట. ఎవరు పెట్టారో, తనే పొదువుకున్నాడో తెలియదు. అప్పటికే శివానంద్ పోలీసులకు చెప్పవలసింది చెప్పేశాడు. గుండెజబ్బు మనిషి చేతికి బండి ఇచ్చాడని తెలిస్తే కేసు తన మీదికి వస్తుందని, ఆర్కెస్ట్రా మూతపడుతుందని అతని భయం. పోయినవాడికి ఇప్పుడేదైనా ఒకటేనని సాంబయ్యకు నచ్చజెప్పాడు. సాంబయ్య నోరు మూసుకున్నాడు. కానీ ఆ సింబల్‌ను ఇంట్లో ఉంచుకోలేకపోయాడు. మంగళగి వెళ్లి, హన్మయ్య భార్యకు జరిగిందంతా చెప్పి, దాన్ని ఆమె ముందు పెట్టి వచ్చాడు. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. మంచినీళ్లు ఇచ్చి పంపింది.

జగదేవి చాలాసేపు హైహ్యాట్ వైపే చూస్తూ కూర్చుంది. బండి నడిపింది అన్నే. ఆ మాట అబద్ధం కాదు. తను ఈ మూడేళ్లూ లోలోపల నమ్ముకున్నదే అబద్ధం. నడిపింది ఇంకెవరో అయి ఉంటారని, ఏదో ఒక రోజు అది బయటపడి తల్లి తలెత్తుకుని తిరుగుతుందని ఆమె ఆశ. ఆ ఆశ ఇప్పుడు పోయింది. కానీ సరదాకు నడిపాడన్న మాట కూడా పోయింది. ఒక ముసలివాడి ప్రాణం కోసం చెవులు రిక్కించుకుని బండి నడిపిన మనిషి మిగిలాడు. ఆమెకు ఏడుపు రాలేదు. ఊపిరి మాత్రం లోపలిదాకా ఆడింది.

"శివానంద్ అన్నా," అంది. "సరదాకు నడిపిండన్న మాట నీకెట్ల వచ్చింది నోట్లకు?"

శివానంద్ రాజేశ్‌కు మొదటిసారి కర్రలు చేతికిచ్చిన మనిషి. అతను ఎవరి మొహమూ చూడకుండా, కిటికీ వైపు తిరిగి మాట్లాడాడు. "గల్తీ అయింది. కాదంటలేను. ఆర్కెస్ట్రా మీద ఎన్ని ఇండ్లు బతుకుతున్నయో నీకు ఎర్కనే."

"మా ఇల్లు గూడ దాని మీదనే బతికింది. మా అమ్మకు పుట్టిన ఊరు లేకుంట అయింది."

శివానంద్ ఇటు తిరిగి, పోలీసు స్టేషనుకు ఎప్పుడు రమ్మంటే అప్పుడు వచ్చి ఉన్నది ఉన్నట్టు చెబుతానన్నాడు. జగదేవి ఆ సంగతి తర్వాత చూద్దామంది. ఆమె సాంబయ్య దగ్గరికి వెళ్లి, కింద కూర్చుని, మోకాలి మీద ఇంకా కదులుతున్న ఆ వేలిని తన చేతిలోకి తీసుకుంది. ముసలాయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

అప్పుడు జీవరాజ్ మెల్లగా గొంతు సవరించుకున్నాడు. ఇంతసేపూ అతడు ఏదో చెప్పాలా వద్దా అని తనలో తాను తేల్చుకుంటున్నట్టున్నాడు.

ఆ సింబల్ తను బతిమాలి తెచ్చుకున్నది కాదన్నాడు. తను డ్రమ్స్ వాయిస్తానని మాటల్లో తెలిసి మహానందే గోడ మీద నుంచి దించి చేతికిచ్చిందట. ఊరికే ఇచ్చింది. ఒకే ఒక్క షరతు పెట్టింది. బీదర్‌లో నలుగురూ వినే చోటల్లా దీన్ని వాయించాలి. ఎవరైనా పలుకు గుర్తుపడితే, వాళ్లు దీన్ని వాయించినవాడి ఇంటి మనుషులైతే, తన దగ్గరికి తీసుకురావాలి. తనంతట తను వాళ్ల గడప తొక్కలేనందట. అందుకే ప్రతి ఆదివారం ఈ గదికి మోసుకొస్తున్నానన్నాడు.

"ఏం పనుందట మాతోని?" అంది జగదేవి.

"నేను గూడ అడిగినక్కా. ఒకటే మాట అన్నది. ‘నా పెనిమిటి గంత పొద్దుగాల ఆ రోడ్డు మీదికి ఎందుకు పోయిండో ఎవ్వరు అడగలే. వాళ్లకు చెప్పాలె’ అన్నది."

సాంబయ్య తల పైకెత్తాడు. తను అక్కడికి పోయిన రోజున ఆమె ఇలాంటి మాటేదీ అనలేదని, ఆయన మొహమే చెబుతోంది.

జగదేవి లేచింది. రెండు సింబల్స్‌నూ స్టాండు మీద నుంచి విప్పి, మధ్యలో చీర ముక్క పెట్టి, ఒక్క మూటగా కట్టింది. పొద్దు వాలకముందే చేరవచ్చని, తన కారు కింద ఉందని జీవరాజ్ అన్నాడు. తల్లి లేకుండా మంగళగి పోవడం ఆమెకు ఇష్టం లేదు. ఇన్నాళ్లూ ఆ ఊరి పేరు ఎత్తితేనే లోపలికి వెళ్లిపోయే మనిషిని ఎలా బయల్దేరదీయాలో తెలియక, మెట్ల మీదే నిలబడి ఫోన్ చేసింది.

"అమ్మా, చీర మార్చుకో. మంగళగి పోదాం. ఇప్పుడే వస్తున్న."

కోపం వస్తుందేమో, ఫోన్ పెట్టేస్తుందేమో అనుకుంది. అవతల భీమవ్వ గొంతు వచ్చింది. అందులో ఆశ్చర్యం లేదు. చాలాకాలంగా ఎదురుచూసి అలిసిపోయిన మనిషి గొంతులా ఉంది.

"మహానంద చెప్తనని ఒప్పుకున్నదా బిడ్డా, ఇగనన్న?"

జగదేవి ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది. ఆ పేరు తను ఇంకా ఎత్తనే లేదు.